నీళ్ళకు ముందా, నీళ్ళ తరువాతా

ఇరవై ఏడో గాజుపలకను తుడిచి వెలుగుకు పెట్టి చూశాడు. మరక లేదు. అయినా ఇంకోసారి తుడిచాడు. జ్వరాల కాలంలో పలక మీద మిగిలిపోయిన నిన్నటి మరక ఇవాళ్టి మనిషికి లేని జబ్బు అంటగడుతుందని ఆయనకు అనుభవం మీద తెలుసు. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయాయి, చిటికెన వేలు పక్కకు తిరిగిపోయింది. ఆ చేతుల్లోంచి ఇన్నేళ్ళలో ఒక్క పలక జారింది లేదు.

కొండ మీది ఆ ఆసుపత్రికి మూడు గదులు. మొదటిదాంట్లో మందులు, రెండోదాంట్లో పదిహేను రోజులకోసారి జీపులో వచ్చే డాక్టరమ్మ, మూడోదాంట్లో ఆయన. గది అనడం మర్యాదకి. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక మైక్రోస్కోపు పెట్టాక మనిషి పక్కకు తిరిగి లోపలికి పోవాలి. జీతాల కాగితంలో ఆయనకొక పేరుండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవరినా అని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు. కొండంతా ఆయన్ని భూతద్దం అనే పిలిచేది.

కిటికీలోంచి చూస్తే నలభై రాతిమెట్లు. వచ్చేవాళ్ళ రోగం సగం ఆ మెట్ల మీదే తేలిపోతుందని ఆయన నమ్మకం. ఎక్కేటప్పుడు ఆగి రొప్పేవాడికి జ్వరమో, ఒంట్లో రక్తం లేకపోవడమో, గుండెజబ్బో. దిగేటప్పుడు పళ్ళు బిగబట్టేవాడికి మోకాళ్ళు. పదింట ఏడుసార్లు నిజమయ్యేది. మిగతా మూడూ ఎందుకు కాలేదా అని ఇంటికి పోయాక కూడా బుర్ర గోక్కునేవాడు.

"నీకు రోగముంటే చాలు, మనిషి అక్కర్లేదు," అనేది భార్య కంచం ముందు పెట్టి.

"మనిషి సిగ్గుపడి చెప్పడే! రోగమే నయం, కాస్త నోరు విప్పుతుంది," అనేవాడు.

ఆ రోజు డాక్టరమ్మ వచ్చే రోజు. పదకొండు గంటలకు మేకలు కాసుకునే ఒకామె ఎడమ మోకాలిని చేత్తో పట్టుకుని, పక్కవాటంగా ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. నలభై ఏళ్ళుంటాయి. సగం మెట్ల దగ్గర ఆగి కొంగుతో మెడ తుడుచుకుంది. గాలి చలిగా ఉంది, ముందూ వెనకా ఎక్కేవాళ్ళు చెవులకు గుడ్డ చుట్టుకున్నారు. ఈమెకి చెమటేమిటి? ఆయన గాజుపలక కింద పెట్టేశాడు.

పక్కగది తలుపు తీసే ఉంటుంది. డాక్టరమ్మ కుర్రది, మంచిదే, కానీ ముందున్న కాగితంలోని ప్రశ్నలు పూర్తి చెయ్యకపోతే కింది ఆఫీసువాళ్ళు ఊరుకోరు.

"పొద్దున లేచాక కీళ్ళు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయమ్మా?"

"ఓ గంట."

కలం ఆ మాట రాసేసుకుంది. ఆ కొండ మీద కాలానికి రెండే కొలతలు. దారి ఎంతంటే ఐదు నిమిషాలంటారు, నమ్మి బయల్దేరినవాణ్ణి పూటంతా నడిపిస్తారు. బాధ ఎంతంటే గంట అంటారు. ఏదో ఒకటి చెప్పకపోతే మందివ్వరేమోనని భయం. కానీ కాగితం దృష్టిలో గంట అంటే అరవై నిమిషాలు, అరవై నిమిషాలు బిగుసుకుంటే కీళ్ళవాతం.

"కీళ్ళవాతంలా ఉంది. ఈ మాత్రలు మొదలుపెడదాం. బహుశా జీవితాంతం వాడాలి."

ఆ మాత్రలేమిటో ఆయనకు తెలుసు. వాపును ఇట్టే లాగేస్తాయి, దాంతోపాటు ఒంటికి పోట్లాడే సత్తువనీ లాగేస్తాయి. లోపల పురుగేదైనా దాక్కుని ఉంటే మాత్రం ఇంట్లో దొంగ ఉండగా కుక్కను కట్టేసినట్టే. ఆయన స్టూలు మీంచి లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఆమెనొక్క మాట అడగనా?"

"అడగండి పెద్దాయనా. కానీ మూడింటికల్లా జీపు కదలాలి. మబ్బు దిగితే దారి కనబడదు."

"చెల్లెమ్మా, పొద్దున వేళ్ళ బిగువు ఎప్పటికి వదులుతుంది? నీళ్ళకు ముందా, నీళ్ళ తరువాతా?"

ఇది ఆయన సొంత గడియారం. కొండ మీద ఏ ఇంట్లోనైనా ముందు పొయ్యి, ఆ తరువాత ఊట దగ్గరికి పోయి నీళ్ళు. పొయ్యి రాజేసేలోపు వేళ్ళు వదిలితే అది వయసు. నీళ్ళు తెచ్చి దించాక కూడా వదలకపోతే అప్పుడు కీళ్ళవాతం సంగతి ఆలోచించాలి. ముప్ఫై ఏళ్ళుగా వందలమందిని అడిగి అడిగి సరిచేసుకున్న గడియారం అది.

ఆమె నవ్వింది. "నీళ్ళ దాకా ఎందుకన్నా? కళ్ళు తెరవగానే మేక పొదుగు పట్టుకుంటాను. చేతులు మొరాయిస్తే అది ఊరుకుంటుందా, తన్నదూ?"

డాక్టరమ్మ కలం ఆగింది. "మరి గంట అన్నారు?"

"గంటంటే చాలాసేపని కదమ్మా! మీరడిగాక ఏదో ఒకటి చెప్పాలిగా."

"చెమటలు ఎప్పుడు పడతాయి?" అన్నాడు ఆయన.

"సాయంత్రాలు. ఒళ్ళు కాలుతుంది, చీర పిండుకోవాలి. నాలుగు రోజులు బాగుంటాను, మళ్ళీ మొదలు. మోకాలూ నడుమూ అప్పుడే పట్టేస్తాయి."

"పాలు తాగుతావా?"

"పొదుగు దగ్గరే ఓ గ్లాసు. కాస్తే ఇంక పాలేముంటాయి, నీళ్ళు!"

"మేకలు బాగా ఈనాయా ఈ ఏడు?"

ఆమె మొహం దిగిపోయింది. "మూడు ఈసుకుపోయాయన్నా. నెలలు నిండనే లేదు. నేనే చెయ్యి పెట్టి లాగాను."

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మేకల రోగం మనిషికి పాకిందేమోనమ్మా."

"అనుమానించాల్సిందే. కానీ ఆ పరీక్ష మన దగ్గర లేదుగా?"

"మన దగ్గర లేదు. మేకల దగ్గరుంది."

ఆమె రక్తం తీసి గొట్టంలో నిలబెట్టాడు. అది పేరుకుని పైన పసుపు నీరు తేలడానికి కొంత సమయం పడుతుంది. గొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళమ్మకూ ఎడమ మోకాలే. వాతమన్నారు, పదకొండేళ్ళు నూనె రాశారు. పొద్దున ఎంతసేపని గానీ, చెమటలెప్పుడని గానీ అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నీళ్ళబిందె మొయ్యడానికి ఐదో తరగతిలో బడి మానేశాడు. ఈ ఆసుపత్రిలో ఊడవడానికి చేరాడు. ఊడుస్తూ ఊడుస్తూ ఒకరోజు, ఎవరూ లేనప్పుడు, మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ఆ కన్ను మళ్ళీ తియ్యలేదు. అమ్మ మోకాలికి ఏమైందో మాత్రం ఈనాటికీ ఆయనకు తెలియదు.

పశువుల ఆసుపత్రి మెట్ల కింద ఉంది. నలభై మెట్లూ మోకాళ్ళు తిట్టుకుంటుండగా దిగాడు.

"ఏం బావా, మేత కోసం వచ్చావా? మా చెల్లెలు ఇంట్లో పెట్టడం మానేసిందా?" అన్నాడు పశువుల కాంపౌండరు.

"మేకల రక్తం పరీక్షించే ఆ గులాబీరంగు మందు సీసా ఓసారి ఇవ్వు."

"అది పశువులకయ్యా!"

"పశువేదో మనిషేదో రోగానికి తెలియదుగా. ఇవ్వు, మంచుపెట్టెతో సహా ఇవ్వు."

పెట్టె పట్టుకుని ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగాడు. రెండోచోట కూర్చున్నాడు కూడా. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి, మబ్బు ఎంతవరకు దిగిందో చూశాడు. ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని మెట్ల వైపు చూసేవాళ్ళెవరూ లేరు.

రెండున్నర. తెల్లటి పింగాణీ బిళ్ళ మీద రెండు చోట్ల ఒక్కో చుక్క పసుపు నీరు వేశాడు. ఒకటి మేకలామెది, ఇంకోటి పొద్దున జలుబుకొచ్చిన మనిషిది. పక్కన బాగున్నదాన్ని పెట్టకపోతే చెడ్డదాని తేడా తెలియదు. రెండింటికీ గులాబీరంగు చుక్క కలిపి, పుల్లతో తిప్పి, బిళ్ళను మెల్లగా ఊపసాగాడు. నాలుగు నిమిషాలు ఊపాలి. బయట డ్రైవరు హారను కొట్టాడు. డాక్టరమ్మ సంచి భుజాన వేసుకునే వచ్చి వంగింది. ఒక నిమిషం. రెండు చుక్కలూ నున్నగానే ఉన్నాయి. ఆయన బిళ్ళ ఊపడం ఆపలేదు. రెండో నిమిషం దాటాక ఎడమ చుక్క అంచున విరిగిన పాలలా సన్నటి పలుకు లేచింది. చూస్తుండగానే చుక్కంతా పలుకులైపోయింది. కుడిది నున్నగానే ఉంది.

డాక్టరమ్మ సంచి దించింది. పాత చీటీ చించేసి కొత్తది రాసింది. రెండు రకాల మాత్రలు, ఆరు వారాలు. మిగిలిన రక్తం రూఢి చేసుకోవడానికి కింది ఊరికి.

"ఇదంతా ఎక్కడ చదివారు పెద్దాయనా?"

"చదివుంటే ఇన్ని ప్రశ్నలెందుకమ్మా అడుగుతాను?"

మేకలామెకు ఆయనే మాత్రలు చేతికిచ్చాడు. "మేకల్ని ఆ కింద కాంపౌండరుకు చూపించు. పాలు కాచి తాగు. తగ్గింది కదాని మాత్రలు మధ్యలో మానావో, రోగం మళ్ళీ చుట్టాన్ని వెంటబెట్టుకుని వస్తుంది."

"ఒక్కటీ వదలనన్నా, ఒట్టు. కావాలంటే చూసుకో," అందామె.

జీపు మబ్బులోకి పోయింది. ఆయన బిళ్ళ కడగబోయి ఆగి, ఆ పలుకుల వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఎందుకు పేరుకుంటాయి? దేన్ని చూసి ఏది పట్టుకుంటుంది? అది కూడా తెలుసుకోవాలి.

మూడో వారంలో కింది ఊరి నుంచి కాగితం వచ్చింది. అదే రోగం. ఆయన దాన్ని రెండుసార్లు చదివి భార్యకు కూడా చదివి వినిపించాడు. నాలుగో వారంలో ఒక పొద్దున ఆయన నిద్ర లేవలేదు. గుండె అన్నారు కొందరు, వయసన్నారు కొందరు. అడిగేవాడే పోయాడు కాబట్టి ఆ సంగతి తేలకుండానే ఉండిపోయింది.

ఆరు వారాలు నిండిన రోజు మేకలామె మోకాలు పట్టుకోకుండా నలభై మెట్లూ ఎక్కి వచ్చింది. మూడో గదికి తాళం ఉంది. మందుల గదిలో మనిషి సంగతి చెప్పాడు.

"నాకెవరూ చెప్పలేదే," అంది.

"నీకు మాత్రలు కావాలా?"

"అయిపోయాయి. అదే చూపిద్దామని వచ్చాను."

మూడో గది కిటికీ దగ్గరికి నడిచింది. కొంగుముడి విప్పి, తెచ్చినదాన్ని కిటికీ ఊచకు కట్టి, దిగి వెళ్ళిపోయింది. దారానికి వరసగా గుచ్చిన ఖాళీ మాత్రల అట్టలవి, ప్రతి గుంటా చిరిగి ఉంది, గాలి వచ్చినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి కిటికీ రెక్క మీద టకటకమంటున్నాయి.