రెండున్నరకు వణికే గీత

మూత నొక్కకముందే మమతకు తెలుసు డబ్బాలో ఏముందో. అడుగు గిన్నెలో అన్నం, పైదాంట్లో చిక్కుడుకాయ, ఓ మూలకు మామిడికాయ తొక్కు. పెళ్ళయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఆమె తెరిచిన ఏ డబ్బాలోనూ ఆమెకు తెలియని కూర లేదు.

"తొక్కు జర తక్కువెయ్యి. నిన్న నోరు పొక్కింది," అన్నాడు జైపాల్ బూట్లు తొడుక్కుంటూ. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. "రేపు నాకు ప్లేడే. మక్క గారెలు చేస్తవా?"

గని వాళ్ళు వారపు సెలవును ప్లేడే అంటారు. ఆయన ప్లేడే రోజున ఆమె పొయ్యి రెండింతలు మండుతుంది.

"ఆమెకెక్కడి పురుసతు?" మంచం మీద నుంచే అందుకుంది అత్త సారవ్వ. "గ్లాసులు కడిగే నౌకరికి పోవద్దా? ఇంట్ల గిన్నెలు కడిగితె ఎవ్వలు జీతమియ్యరాయె."

మమత తన డబ్బా సంచిలో పెట్టుకుంది. ఆ ఎత్తిపొడుపులో ఉన్న నిజాన్ని అత్త ఎప్పటికైనా తనే వింటుందేమో అనుకుంటూ ఆటో ఎక్కింది.

కమాన్‌పూర్ దారిలో గని మట్టిగుట్టలు దాటగానే ఉంటుంది ఫ్యాక్టరీ. మక్కల పిండిని కొంతవరకు విరిచి తెల్లటి పొడి చేస్తారు. ముక్కులో గొట్టం వేసుకుని బతికే రోగులకు దవాఖానల్లో పోసే ఆహారంలో అది కలుస్తుంది. పొడి మంచిదా కాదా అని తేల్చేది ల్యాబులోని లిక్విడ్ క్రోమటోగ్రఫీ మిషను. నీళ్ళలో కరిగించిన పొడిని సూదితో ఎక్కిస్తే, సన్నటి పూసలు నింపిన ఉక్కు గొట్టంలోంచి మిషను దాన్ని తోస్తుంది. పొడవాటి గొలుసుల్లాంటి పెద్ద అణువులు పూసల పక్కనుంచి జారి ముందుగా బయటపడతాయి. చిన్నవి పూసల్లో ఉన్న ప్రతి బొక్కలోకీ దూరి, తిరిగి, ఆలస్యంగా వస్తాయి. అందరికన్నా చివర గ్లూకోజు. ఏది వచ్చినా తెర మీది గీత ఒక గుట్టలా లేస్తుంది. చివరి గుట్ట హద్దు మీరితే పిండి ఎక్కువగా విరిగిపోయినట్టు; ఆ బస్తాలు గేటు దాటకూడదు. ఈ సంగతి మమతకు అర్థం కావడానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు లేచి నేరుగా గడప దాటిపోతారు. తను మాత్రం వంటగదిలో, స్నానాల గదిలో, అత్త మందుల సంచిలో, మంచాల కింద దూరి దూరి ఆఖరున బయటపడుతుంది.

సర్కారు బడిలో చదివి, డిగ్రీ చేసి ఇక్కడ చేరి రెండేళ్ళు. మిషను కుదురుకోవడానికి రెండు గంటలు పడుతుంది కాబట్టి ముందొచ్చి ఆన్ చెయ్యడం, నీళ్ళు వడగట్టడం, సీసాలు కడగడం ఆమె పని. 'పరీక్షించినవారు' అన్న గడిలో సంతకం మేనేజరు రాంప్రసాద్‌ది. మిషను నడపడం నేర్పమని అడిగితే, "నీకెందుకమ్మా ఆ తలనొప్పి? ఇంట్లో బోలెడు పనుంటుందిగా," అన్నాడు. మూణ్ణెల్ల కిందట ఆ గడి కృష్ణప్రియకు పోయింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంజనీరుగారి అమ్మాయి, ఎమ్మెస్సీ.

ఆ చదువు మీద మమతకు కుళ్ళు లేదు. తండ్రి కారులో దింపిపోవడం మీద కొంచెం ఉంది. ఒకసారి జైపాల్ తీసుకుపోవడానికి వచ్చి, "మేడమంటె గట్లుండాలె, ఎంత నిమ్మళంగ మాట్లాడుతది," అన్నప్పుడు ఇంకొంచెం పెరిగింది. కానీ అసలు కుళ్ళంతా ఆ పిల్ల అన్నం డబ్బా మీద. మధ్యాహ్నం మూత మీద చెయ్యి వేసి, "ఇవాళ ఏం పెట్టిందో అమ్మ," అంటుంది. తెరిచి, "అబ్బా, మళ్ళీ దొండకాయేనా," అని మూతి ముడుస్తుంది. ఆ విసుగు చూస్తే మమతకు ముద్ద దిగదు. తను ఎవరి మీద విసుక్కోవాలి? తన దొండకాయ తనే కొని, తనే తరిగి, తనే మూత పెట్టింది.

ఆ రోజు పొద్దున కరెంటు పోయింది. మిషను కుదురుకునేసరికి మధ్యాహ్నం దాటింది. పొడి లారీ మర్నాడు బయలుదేరాలి. రెండూ పదికి కృష్ణప్రియ సూది చేతిలోకి తీసుకుంది.

సింకు దగ్గర మమత గడియారం చూసింది. రోజూ రెండున్నరకు గనిలో పేలుడు. ముందు సైరన్, తర్వాత నేల సన్నగా అదురుతుంది. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ తలెత్తి చూడరు. మిషను మాత్రం ఉలిక్కిపడుతుంది. గీత ఒక్కసారి పైకెగిరి కాసేపు దిగదు. సీసాలు కడుగుతూ ఆరు నెలలు గమనించి మమత ఈ సంగతి పట్టింది. రాంప్రసాద్‌కు నేరుగా చెబితే నవ్వుతాడని, "నీళ్ళు ఇంక వడగట్టుడు కాలేదు సార్, మూడింటికి ఎక్కిద్దాం," అని అబద్ధమాడి దాటించేది; కృష్ణప్రియ వచ్చాక ఆమెకూ అదే మాట. ఇవాళ ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి, వెనక్కి పోయింది. సీసా కడుగుతూ ఊరుకుంది.

సైరన్ మోగింది. స్టాండులో గాజు గొట్టాలు గలగలమన్నాయి. సరిగ్గా గ్లూకోజు వచ్చే వేళకు గీత ఎగిరింది. కంప్యూటరు ఆ ఎగిరిన చోటినే నేల అనుకుని అడుగు గీసింది. గుట్ట సగం ఆ అడుగు కింద మునిగిపోయింది. లెక్క హద్దులోపలే తేలింది. కృష్ణప్రియ పాస్ అని రాసి సంతకం పెట్టింది.

మమత లోపల ఏదో తీయగా కదిలింది. బస్తాలు వెనక్కి వస్తాయి. ఆ సంతకాన్ని నిలదీస్తారు. అప్పుడు తనను పిలుస్తారు. రానీ.

కడుగుతున్న గాజుకప్పు అడుగున తడి పొడి బంకలా పట్టుకుని ఉంది. వేలితో రుద్దింది. ఆ జిగురు వేలికి తెలుసు. పోయిన ఏడాది నాయన సదయ్య పక్షవాతంతో దవాఖానలో ఇరవై రోజులున్నాడు, షుగరు మనిషి. మూడు గంటలకోసారి ఇలాంటి పొడి కలిపి గొట్టంలో పోసింది తనే. తమ్ముడు భూపాల్ వార్డు గుమ్మంలో నిలబడి, "నువ్వున్నవు గదా అక్క, నాకు ఫికర్ లేదు," అని పోయేవాడు. ఆ పొడి డబ్బాలో ఏముందో తనకేం తెలుసు? ఎక్కడో ఎవరో సరిగ్గా చూసి ఉంటారని పోసింది. రేపు ఈ పొడిని పోసేది కూడా ఏ బిడ్డో, ఏ కోడలో.

చేతులు తుడుచుకుంది.

"మేడమ్, గీత మల్ల చూడున్రి. గ్లూకోజు సగం కిందికి పోయింది. గనిల పేలుడు పడ్డది."

కృష్ణప్రియ తెరను పెద్దది చేసి చూసింది. "మీకు ముందే తెలుసా? మరి ఎక్కించేటప్పుడు చెప్పలేదేంటక్కా?"

"కుళ్ళుకున్న."

"నా మీదా? ఎందుకు?"

"మీ అన్నం డబ్బా మీద."

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక మమతకు లేదు. బీరువాలోంచి తను చేరిన మొదటి ఆరు నెలల గీతల కాగితాలు తీసి రాంప్రసాద్ గదిలోకి నడిచింది. వెనకే కృష్ణప్రియ.

"గనిలో పేలితే మన మిషను అదురుతుందా? ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఎవ్వలు చెప్పలె సార్. నేనే చూసిన." కాగితాలు బల్ల మీద పరిచింది. ప్రతిదాంట్లో రెండున్నర దగ్గర అదే ఎగురుడు.

రాంప్రసాద్ చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీశాడు. "లారీ ఆపండి. ప్రియా, రేపు పొద్దున్నే మళ్ళీ నడిపి సంతకం చెయ్యి."

"నేను నడుపుత సార్," అంది మమత. "గడిల నా పేరు రాస్త."

"నువ్వా?"

"ఇన్ని రోజులు మిషనును పేలుడు నుంచి తప్పిచ్చింది నేనే. పేరు లేకుంటె రేపటి నుంచి సీసాలే కడుగుత, గడియారం చూడ."

ఆయన కృష్ణప్రియ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని, "నేను పక్కన ఉంటాను సార్. నేర్చుకోవాల్సింది నేనే," అంది. ఆ మంచితనం కూడా మమతకు కాస్త గుచ్చుకుంది. అది అంత తొందరగా పోయేది కాదు.

సాయంత్రం చెప్పులు విడుస్తుండగానే జైపాల్ అడిగాడు. "మక్కలు నానబోస్తవా?"

"రేపు ఆరింటికే పోవాలె. మిషను నేనే నడపాలె. నా డబ్బా నువ్వు కట్టు."

"అయ్యో, మొగోడు డబ్బా కట్టుడేంది," అంది సారవ్వ.

"ప్లేడే గదా అత్తమ్మ, ఇంట్లనే ఉంటడు."

జైపాల్ తల గోక్కున్నాడు. "నాకేం వస్తది? ఏం పెట్టాలె?"

పప్పు ఏ డబ్బాలో ఉందో, ఉప్పు ఎంత వెయ్యాలో, తాలింపు ఎప్పుడు దించాలో చెప్పడానికి ఆమె నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. మూసుకుంది.

"నీకు ఏది వస్తె అది పెట్టు. ఏం పెట్టినవో మాత్రం నాకు చెప్పకు."