నీళ్లెరుగని పడవ

నేను ఒక పడవను. అయితే ఏ నీళ్లూ నన్ను ముట్టలేదు. ఇనుప స్తంభాల మధ్య వేలాడుతూ ముందుకీ వెనక్కీ ఊగే కొలంబస్ పడవను. హైదరాబాదు శివార్లలోని ఒక షెడ్డులో నన్ను పుట్టించి, భీమిలి అవతల సముద్రపు ఒడ్డున, జగపతిరాజు గారి పార్కులో నిలబెట్టారు.

నా స్తంభాలు పాతిన ఇసకలో అంతకుముందు చేపల పడవలుండేవి. నా కోసం వాటిని గెడ్డ మొగలోకి, వాగు సముద్రంలో కలిసే చోటికి తరిమారు. అక్కడ కెరటం చెడ్డది. పడవతో అక్కడికెళ్లిన జాలరుల్లో దాసు ఒకడు. అతని పెళ్లాం నూకరత్నానికి మాత్రం పార్కు ఊడ్చే పని దొరికింది.

మొదట్లో నా కోసం జనం ఎండలో బారులు తీరేవారు. ఇళ్లలో ఏ భయమూ లేనివాళ్లు భయాన్ని కొనుక్కుని, కేకలు పెట్టి, నవ్వుకుంటూ దిగిపోయేవారు. ఆ తరవాత హైవే మీద వాటర్ పార్కు వెలిసింది. బస్సులు మా మలుపు దగ్గర వేగం తగ్గించడం కూడా మానేశాయి. రాజుగారు నాకు రంగులేయించారు, మైకులో పాటలు పెట్టించారు, సగం టికెట్టన్నారు. ఎవరూ రాలేదు.

అప్పుడాయన పనివాళ్లనే నాలో కూర్చోబెట్టారు. ఖాళీగా కనబడితే ఎవరాగుతారని ఆయన బాధ.

"గట్టిగా అరవాలి. రోడ్డు మీదకి వినబడాలి," అన్నారు.

"ఏటని అరవమంతారు బాబూ?" అంది నూకరత్నం.

"ఏదో ఒకటి. సంతోషంగా ఉండాలి, అంతే."

ఆమె కళ్లు తిరుగుతున్నా అరిచేది. దిగి, గోడవారకు పోయి కక్కుకుని, మళ్లీ చీపురు పట్టేది.

వానాకాలం మొదట్లో గెడ్డ మొగలో దాసు పడవ తిరగబడింది. పెద్దకర్మ అయిన మర్నాడే నూకరత్నం పనిలోకి వచ్చింది.

"ఇయ్యాల నూకరత్నాన్ని ఒగ్గీయండి బాబూ," అని నన్ను నడిపే పైడయ్య బతిమాలాడు.

రాజుగారు రోడ్డు వైపే చూస్తూ, "ఆదివారం కదరా," అన్నారు.

నేను ఊగాను. పైకి లేచినప్పుడల్లా నూకరత్నానికి గెడ్డ మొగ కనబడింది. మూడో ఊపులో ఆమె గొంతు పగిలేలా అరిచింది.

"నన్నొగ్గీసి ఎలిపోనావా మావా!"

మైకు పాటలో ఆమె మాటలు కలిసిపోయి, కేక ఒక్కటే రోడ్డు దాకా వెళ్లింది. ఒక కారు ఆగింది, వెనకే ఇంకొకటి. పిల్లలు పరుగెత్తుకొచ్చారు.

"అంత బాగుంటుందా?" అని వాళ్ల తండ్రి అడిగాడు.

రాజుగారు టికెట్లు చింపి ఇచ్చారు. నూకరత్నం దిగి, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటిపోయింది. మళ్లీ రాలేదు. ఆమె కూర్చున్న చోటే ఆ పిల్లలు కూర్చున్నారు. నేను వాళ్లనీ ఊపాను. నా చేతిలో ఏముంది?

ఏడాది తిరక్కుండా పార్కుకు తాళం పడింది. గ్యాస్ కట్టర్‌తో నన్ను ముక్కలు చేసి, హైవే పక్క పాత ఇనుము కొట్టులో పడేశారు. తూకం చూసుకోవడానికి రాజుగారే వచ్చారు. ఎదురుగా వాటర్ పార్కులో జనం కేరింతలు కొడుతున్నారు. ఆయన చాలాసేపు విన్నారు.

"ఆ అరిచేవాళ్లు నిజంగా వచ్చినవాళ్లేనా? లేక పనివాళ్లా?" అని కొట్టు యజమానిని అడిగారు.

అతను తెల్లబోయి, కాటా మీదికి నా ముక్కనొకదాన్ని దొర్లించాడు.