బొటనవేలికి సెలవు

తొమ్మిది వేళ్ళు పనిలో ఉన్నాయి. పదోది, కుడిచేతి బొటనవేలు, గుడ్డటోపీ పెట్టుకుని పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా పక్కన నిలబడి చూస్తోంది.

సువార్తమ్మ నడుముకి కట్టుకున్న సంచిలోంచి కొబ్బరిపీచు కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి నడుస్తోంది. ఎదర, చెట్టు కింద, ఆడపడుచు జయమ్మ రాట్నం తిప్పుతోంది. రాట్నం తిరిగినకొద్దీ పీచుకి పురెక్కి తాడవుతుంది. తాడు పెరిగినకొద్దీ సువార్తమ్మ వెనక్కి జరుగుతుంది. రాఘవులుగారి కొబ్బరితోట గట్టు చివర చెట్టు వీపుకి తగిలేదాకా అలా వెళ్ళడం, తాడు చుట్ట చుట్టుకోవడం, మళ్ళీ రాట్నం దగ్గరికి రావడం. కాపరానికొచ్చిన దగ్గర్నించీ ఇదే నడక. లోకంలో అందరూ ముందుకు నడిచి పైకొస్తే, ఈవిడ వెనక్కి నడిచి ఇద్దరు పిల్లల్ని పెద్దచేసింది. ఆ నడకంతా కలిపితే ఈపాటికి యెరూషలేము వెళ్ళి తిరిగొచ్చేసి ఉండేది, అదీ దారి చూసుకోకుండా.

మనిషి బక్కపల్చన. తలమీద పీచుపొట్టు రాలి రాలి తెల్లవెంట్రుకలు కూడా గోధుమరంగుకి తిరిగేయి. అరచేతులు మాత్రం రుబ్బురోలు పొత్రంలా నున్నగా మెరుస్తాయి. వచ్చిన చిక్కంతా ఆ నునుపుతోనే.

ఒకటో తారీకున పింఛను ఇవ్వడానికొచ్చే సచివాలయం అమ్మాయి హేమ దగ్గర చిన్న మిషనొకటి ఉంటుంది. దానిమీద వేలు పెడితే, ఈ మనిషి ఈ మనిషేనని అది ఒప్పుకోవాలి. రెండు నెలలుగా ఒప్పుకోలేదు. పెళ్ళిలో చదివించిన స్టీలుగిన్నె మీది పేరు తోమగా తోమగా మాయమైనట్టు, పీచు లాగగా లాగగా సువార్తమ్మ వేలిగీతలు చెరిగిపోయేయి. కళ్ళు చూపిద్దామంటే రెండింటికీ శుక్లాలు. ఈసారి కూడా పడకపోతే పేరు కొట్టేస్తారంటున్నారు.

"నాల్రోజులు పని మానేసి కొబ్బరినూనె రాయండి మామ్మగారూ, గీతలు తేలతాయి. అరిగిపోయినా మళ్ళీ పాతవే వస్తాయంట. కొత్తవి రావంట" అని చెప్పింది హేమ కిందటి నెల.

మొదటిమాట సువార్తమ్మ అంతగా పట్టించుకోలేదు. ఆఖరిమాటకి మాత్రం నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"మళ్ళీ ఆ పాతయ్యేనా? అయితే లోపలెవరో అచ్చు దాచిపెట్టేరన్నమాట!"

ఆ ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే, ఆవిడ కళ్ళు తెరిచి బొటనవేలు చూసుకుంటూ కూర్చుంది. దేవుడికి కూడా ఆ పూట ఆవిడ ఎటు చూస్తోందో తెలిసే ఉంటుంది, ఏమీ అనుకుని ఉండడు.

పని మానితేనే పింఛనన్న పద్ధతి మాత్రం ఆవిడకి నచ్చలేదు. ఒక్క వేలి కోసం తొమ్మిదింటిని కూర్చోబెట్టడమేంటని, పోయిన మొగుడు ఏసుదాసు పాతపంచెలోంచి ముక్క చింపి, వేలికి సరిపడా టోపీ కుట్టింది. నూనెలో తడిపి తొడిగింది. వేలికి సెలవు, మనిషికి పని.

ఇంత పట్టుదలా ఎందుకంటే, పింఛనొచ్చిన నెలల్లో ఆవిడ తిన్నగా పీచుమిల్లు నుంచి సొంతానికి మోపు తెప్పించుకునేది. పీచు తనది, తాడు తనది, బేరం తనది. ఈ రెండు నెలలూ మళ్ళీ కొట్టు అప్పారావు పీచుకి కూలి. అతని పీచు, అతని తాడు, తనవి చేతులొక్కటే. వయసులో ఉండగా అదేమీ తప్పుగా తోచలేదు గానీ, సొంతపీచు రుచి మరిగేక కూలిపీచు గుచ్చుకోవడం మొదలెట్టింది.

పొద్దెక్కుతుండగా రాఘవులుగారు పేపరు చంకలో పెట్టుకుని తోటలోకొచ్చేరు. తాసీల్దారాఫీసులో చేసి రిటైరైన మనిషి. పింఛన్లొచ్చి జనం పనులు మానేసేరని రోజూ కాఫీ తాగేక ఓసారి ప్రకటించకపోతే ఆయనకి అరగదు.

"ఏం సువార్తమ్మా, ఒకటో తారీకని వేలికి తలపాగా చుట్టేవు. ఇంక పని మానేస్తావా?"

"వేలొక్కటే మానిందండి. మిగతావి వస్తన్నాయండి."

"నీ సంగతి కాదే. కొబ్బరికాయల దింపుకి మనిషి దొరకట్లేదు. ఇంట్లో కూర్చోబెట్టి డబ్బులిస్తుంటే చెట్టెవడెక్కుతాడు?"

"మరేనండి. మీకూ ఇస్తన్నారు గదండి. మీరెక్కరాదండీ?"

రాట్నం వెనకాల జయమ్మ కిసుక్కుమంది. రాఘవులుగారు పేపరు ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చేరు.

"నాది సర్వీసు పింఛను. ముప్ఫయ్యేళ్ళు చేసేను."

"ఆయ్. నేనింకా చేస్తన్నానండి" అంది సువార్తమ్మ, వెనక్కి నడుస్తూనే.

ఈలోగా హేమ స్కూటీ దిగింది.

సువార్తమ్మ తాడు చెట్టుకి ముడేసొచ్చి, చెయ్యి కడుక్కుని, టోపీ మెల్లగా ఊడదీసింది. నానబెట్టి పొట్టుతీసిన బాదంపప్పులా ఉంది వేలు. దాన్ని వెలుగుకి తిప్పింది. గోదారి వరద తీసేక ఇసుకలో మిగిలే అలల జాడల్లా, సన్నటి గీతలు. చుట్టూ తిరిగి తిరిగి నడిమధ్యన చిన్న సుడిలోకి పోతున్నాయి. జయమ్మ వంగి చూసింది. రాఘవులుగారు కళ్ళజోడు సర్దుకుని చూసేరు. ఒక ముసలమ్మ బొటనవేలు చుట్టూ ముగ్గురు తలలు ఆనించి, గుళ్ళో దీపం చూసినట్టు చూస్తూ కాసేపలా ఉండిపోయేరు.

"అరిగిపోయిన మెట్లు మళ్ళీ వాటంతటవే మొలిచినట్టుందే!" అన్నారు రాఘవులుగారు.

మిషను మాత్రం అంత తొందరగా ఆశ్చర్యపోలేదు. ఎర్రదీపం వెలిగింది. హేమ అద్దం తుడిచి మళ్ళీ పెట్టించింది. మళ్ళీ ఎర్రదే. సువార్తమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థనో, వేలికి చీవాట్లో.

"ఎండ పడుతోంది, అందుకే పట్టట్లేదేమో" అంది హేమ.

ఎవరూ అడక్కుండానే రాఘవులుగారు పేపరు విప్పి మిషను మీద నీడపట్టేరు. అందులో ఆవేళ, సంక్షేమం వల్ల సోమరితనం పెరుగుతోందని ఎవరో పెద్దమనిషి పేజీ నిండా రాసేడు. మంచి వెడల్పాటి వ్యాసం, నీడ బాగా వచ్చింది.

పచ్చదీపం వెలిగింది.

"పడింది మామ్మగారూ! మీ పేరొచ్చేసింది!"

"నన్ను గుర్తుపట్టేసిందా?"

"పట్టేసింది."

సువార్తమ్మ ఆ బొటనవేలిని ఎడంచేత్తో పట్టుకుని, వెనకటి కాలపు మనిషెవరో ఎదురైనట్టు కాసేపు చూసుకుంది. "ఇన్నాళ్ళూ లోపలే ఉన్నావా?" అంది. తరవాత గుడ్డటోపీని వచ్చేనెలకుండాలని రాట్నం గుంజకున్న మేకుకి తగిలించి, "పద, నీ సెలవైపోయింది" అని వేలితో అంది.

మధ్యాన్నానికి మిల్లునుంచి ఆటోలో మోపు దిగింది. సొంతపీచు. సంచి నిండా నింపుకుని, పది వేళ్ళతో మొదలెట్టింది. రాఘవులుగారు భోజనానికి వెళ్ళాల్సినవారు, వెళ్ళలేదు. తన తోటలోనే ఏళ్ళతరబడి జరుగుతున్న పనిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయేరు. ఆవిడ తన చేతులవంక చూడటంలేదు, వెనకదారీ చూడటంలేదు. చిందరవందర పీచు ఆ వేళ్ళమధ్యకి వెళ్ళి, ఎక్కడా లావూ సన్నమూ లేకుండా, వానధారలా బయటికొస్తోంది. బొటనవేలు ప్రతి పోగునీ ఓసారి తాకి, సరేనని పంపిస్తోంది.

"కాస్త కూర్చోరాదొదినా, పింఛనొచ్చింది గదా" అంది జయమ్మ.

"చివరికెళ్ళేక కూర్చుంటాలే."

తాడు సాగింది. సువార్తమ్మ చెట్ల నీడల్లోంచి ఎండలోకి, ఎండలోంచి నీడల్లోకి వెనక్కి వెనక్కి వెళ్ళి చిన్నదైపోయింది. కాసేపటికి జయమ్మ చేతిలో రాట్నం తేలికైంది. తాడు వదులుగా వాలింది.

"ఒదినా, లాగిపట్టు!"

జవాబు లేదు. జయమ్మ చటుక్కున లేచింది. అయినా వదిలేస్తే పురి విడిపోతుందని, ముందు రాట్నం కట్టేసి, అప్పుడు పరిగెత్తింది.

గట్టు చివర చెట్టుకి వీపు ఆనించి, అన్నట్టే కూర్చుని ఉంది సువార్తమ్మ. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. ఊపిరి లేదు. తాడుకొస మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన, ఒక్క పోగు విడకుండా ఉంది. దాన్ని విడిపించడానికి జయమ్మకి చాలాసేపు పట్టింది.

మర్నాడు రాఘవులుగారు కాఫీ తాగేరు, పేపరు చదివేరు, ఏమీ అనలేదు. దింపుకి మనిషి ఇంకా దొరకలేదు.

తోటలో రాట్నం గుంజ మేకుకి, నూనెకి నల్లబడిన గుడ్డటోపీ, వేలు లేకపోయినా వేలి ఆకారంలోనే బిర్రుగా నిలబడి, వచ్చేనెల కోసం చూస్తోంది.