మూడో దెబ్బ

యంత్రం ఆపానని తెలిసేలా రామలింగప్ప పానాతో క్యాబిన్ చువ్వ మీద మూడు దెబ్బలు కొట్టాడు. కింద, సున్నపురాయిని నలగ్గొట్టే క్రషర్‌లో ఇరుక్కున్న బండల్ని తీస్తున్న కేశవ కూడా పని అయ్యాక మూడు కొట్టాలి. ఇంకా కొట్టలేదు. రామలింగప్ప క్రషర్‌ను నడిపే ఆకుపచ్చ మీట జోలికి పోకుండా కూర్చున్నాడు.

వెనక స్టూలు మీదున్న అరుణజ్యోతి స్టాప్‌వాచ్ నొక్కి, కాగితం మీద 'ఖాళీ' అని రాసుకుంది. ఆపరేటర్లకు ఎంత పని ఉందో కొలవమని ఫ్యాక్టరీ వాళ్లు కర్నూలు నుంచి పిలిపించిన ఇంజినీరు. పొద్దున్నే రామలింగప్ప ఛాతీకి, గుండె వేగాన్ని తన ఫోనులో చూపే పట్టీ కట్టింది. ఖాళీ ఎక్కువని తేలిందో, పైనొకరూ కిందొకరూ చేసే ఈ పనికి ఇక ఒక్కరే!

ఇందాక కిందికి దిగేముందు కేశవ బతిమాలుకున్నాడు. "ఈ ఒక్క దినమన్నా చేతులు ఆడిస్తాండప్పా. నువ్వు ఊరికే కూసుంటే నా కూటికి ఎసరు పెడ్తారు."

"సరేలే, పో" అన్నాడు రామలింగప్ప గానీ, ఆ చేతులు ఆడితేగా!

యాభై ఏడేళ్ల మనిషి. కనుబొమల్లో రాతిదుమ్ము, మీట వైపు ఒరిగిపోయిన కుడి భుజం. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. ఆయన్ని మెచ్చుకున్నవాడూ లేడు, తిట్టినవాడూ లేడు. ఇంట్లో భార్య మల్లక్క గిన్నెలు సర్దుతుంటే రెండు చప్పుళ్లు వినిపించాయా, చేతిలో ముద్ద చేతిలోనే ఉంటుంది. మూడోది వినపడితేనే నోట్లోకి పోతుంది.

కింది నుంచి మూడు దెబ్బలు వచ్చాయి. మీట నొక్కాడు. క్యాబిన్ గడగడలాడింది.

అరుణజ్యోతి ఫోను చూసి నొసలు చిట్లించింది. క్రషర్ మళ్లీ ఆగాక అడిగింది.

"పెద్దాయనా, అది నడిచేటప్పుడు మీ గుండె డెబ్బై ఎనిమిది. ఊరికే కూర్చున్నప్పుడు నూట నలభై. ఇదేంటి?"

రామలింగప్ప చేతిలో పానాను అటూ ఇటూ తిప్పాడు.

"పందొమ్మిదేండ్ల కిందట ఈడ కింద మారెన్న ఉండెమ్మా. రెండు దెబ్బలు వినపడె. మూడోది యాడికి పోతాదిలే అని నొక్కితి. అవి వాడు కొట్టినవి కాదు. రాళ్లు జారిన చప్పుడు. నీ తప్పేం లేదని అందరూ అనిరి. నాకు తెల్దా?"

అరుణజ్యోతి 'ఖాళీ' అన్న చోటల్లా కొట్టేసి 'పని' అని రాసింది.

"ఇది ఇద్దరి పనే. అట్లాగే రాసిస్తాను."

"శానా మేలు తల్లీ. కేశవకు పిల్లోళ్లుండారు" అన్నాడాయన.

మధ్యాహ్నం మళ్లీ బండలు ఇరుక్కున్నాయి. కేశవ దిగాడు. రామలింగప్ప మూడు కొట్టి, పానాను ఒళ్లో పెట్టుకుని వెనక్కి ఆనుకున్నాడు. కాసేపటికి కింది నుంచి ఒకటి, రెండు, మూడు. స్పష్టంగా. ఆయన కదలలేదు. ఇంకా వింటున్నాడనుకుని అరుణజ్యోతి 'పని' అనే రాసింది.

"ఏమప్పా, కొడితి గదా! ఇంగా ఎయ్యలేదే?" కేశవ కేకేశాడు.

ఆమె ఫోను చూసింది. అంకె లేదు. పట్టీ జారిందేమోనని లేచి ఆయన భుజం పట్టుకుంది. తల పక్కకు వాలింది.

ఒళ్లోని పానా జారి, ఇనుప నేల మీద రెండుసార్లు మోగి, ఆగిపోయింది.