ముల్లు ముప్పై దగ్గర

ఆ బడిలో ఫిజిక్స్ ల్యాబ్ తాళంచెవి పంతొమ్మిదేళ్ళుగా ఒకే మనిషి జేబులో ఉంటోంది. పిల్లలందరికీ అతను ల్యాబ్ బాబాయ్. మేష్టర్లు మారారు, హెడ్మాస్టర్లు మారారు, గోడ మీద పటాలు కూడా వెలిసిపోయి మారాయి. బాబాయ్ మాత్రం మారలేదు. పగిలిన బీకర్లు ఏరడం, తెగిన తీగలు అతకడం, ప్రాక్టికల్ పరీక్షల రోజున బల్లల మీద సామాను సర్దడం అతని పని.

ఎనిమిదో తరగతి సగంలో తండ్రి మంచం పడితే పుస్తకాలు కట్టగట్టి పక్కింటివాళ్ళకి ఇచ్చేసి పనిలోకి వచ్చినవాడు బాబాయ్. కానీ పంతొమ్మిదేళ్ళు అవే ప్రశ్నలూ అవే జవాబులూ చెవిన పడ్డాక గోడకైనా నాలుగు ముక్కలు వచ్చేస్తాయి. ఎగ్జామినర్ ప్రశ్న వెయ్యగానే పిల్లాడు నోరు తెరిచే లోపల జవాబు బాబాయ్ మనసులో మెదిలేది. ఏం లాభం. అడిగేవాడు లేడు, మార్కులు వేసేవాడు లేడు. నీళ్ళు నములుతూ నిలబడ్డవాళ్ళు పాసైన కాగితం పుచ్చుకుని పై చదువులకి పోయేవాళ్ళు. బాబాయ్ వాళ్ళు పగలగొట్టిన గాజు పెంకులు ఏరుకునేవాడు. అందుకే అతనికి చదువుకునే పిల్లలంటే ముద్దూ లేదు, గౌరవమూ లేదు. అందరూ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు అనేవాడు.

అతని ఉద్యోగం ఏ ఏటికాయేడు హెడ్మాస్టర్ సంతకంతో నడిచేది. ఈ ఏడు అప్పటికే రెండు మెమోలు అందుకున్నాడు. మొదటిది థర్మామీటర్ల పెట్టె కింద పడేసినందుకు. రెండోది తనిఖీ రోజున తాళంచెవి జేబులో పెట్టుకుని ఇంటికి పోయినందుకు. "ఈసారి ప్రాక్టికల్స్‌లో నీ మీద ఒక్క మాట వచ్చిందా, సంతకం ఉండదు" అని హెడ్మాస్టర్ ముఖం మీదే చెప్పేశాడు. పొద్దున్న బయల్దేరుతుంటే పెళ్ళాం కూడా చెప్పింది.

"ఇవాళ ఎవరితోనూ మాటా మాటా పెంచుకోకు. నోటికి కాస్త తాళం వేసుకో. తాళాలన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా."

"పోనీ తాళంచెవి నువ్వు దాచుకో. పీడా పోతుంది" అన్నాడు బాబాయ్. అన్నాడే గానీ, ఆవిడ మాట మనసులో పెట్టుకునే వెళ్ళాడు.

ఆ రోజు కుళాయి రాలేదు. రోజూ పొద్దున్న ఒక్క గంట వచ్చే నీళ్ళు కూడా మానేశాయి. అయినా బాబాయ్ కంగారుపడలేదు. స్టోర్ రూమ్‌లో మూత పెట్టిన బకెట్ ఉంటుందని అతనికి తెలుసు. తీసుకొచ్చి మూడో బల్ల మీద ఎనిమిది బీకర్లూ నింపాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పరీక్ష గండం గట్టెక్కినట్టే అనుకున్నాడు.

పరీక్షకి నాలుగు బల్లలు. మొదటి దాని మీద తరంగాల కోసం పొడుగాటి స్ప్రింగు. రెండో దాని మీద పీడనం చూపించడానికి పక్కన మూడు చిల్లులున్న డబ్బా. మూడో దాని మీద సాంద్రత కట్టడానికి స్ప్రింగు త్రాసులు, అల్యూమినియం దిమ్మలు, నీళ్ళ బీకర్లు. నాలుగో దాని మీద శక్తి కోసం వాలుచెక్క, ఇనుప గోళీ. ఎనిమిదిమంది పిల్లలు ఒక జట్టు. ఎగ్జామినర్ వేరే బడి నుంచి వచ్చిన పెద్దాయన. రోజుకి మూడు జట్లు చూసి చూసి కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి.

"స్ప్రింగులో అల ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. మరి స్ప్రింగు పోయిందా?" అని అడిగాడు ఆయన, క్లాసులో ఎప్పుడూ మొదటి ర్యాంకు కొట్టే పిల్లాణ్ణి.

"లేదు సార్. శక్తి మాత్రమే ప్రయాణిస్తుంది, యానకంలోని కణాలు తమ మాధ్యస్థానం చుట్టూ..."

"చాలు, చాలు. డబ్బాలో అన్నిటికన్నా కింద ఉన్న చిల్లులోంచి నీళ్ళు ఎక్కువ దూరం ఎందుకు దూకుతాయి?"

"లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది కాబట్టి సార్."

అన్నీ కరెక్టే. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. బాబాయ్ గోడకి చేరబడి పంతొమ్మిదేళ్ళ పాత రికార్డు మళ్ళీ విన్నాడు.

జట్టులో చివరిది ఒక సన్నటి అమ్మాయి. ఎప్పుడూ ఎవరినో ఒకరిని గుచ్చి గుచ్చి అడుగుతుంటుందని క్లాసులో గుండుసూది అని పేరు పెట్టారు. తండ్రికి పాత ఇనుపసామాను కొనే కొట్టు ఉంది. పాత పేపర్లు, తుక్కు, పగిలిన ఫ్యాన్ రెక్కలు తూకం వేస్తుంటే చూస్తూ పెరిగిన పిల్ల. స్ప్రింగు బల్ల దగ్గర ఎగ్జామినర్ ఆ అమ్మాయినీ అదే ప్రశ్న అడిగాడు.

"స్ప్రింగు పోలేదు సార్. మా కొట్టు ముందు లారీ పోతే షట్టర్ వణుకుతుంది. లారీ వెళ్ళిపోతుంది, షట్టర్ అక్కడే ఉంటుంది" అంది.

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎగ్జామినర్ నవ్వలేదు గానీ ఏదో రాసుకున్నాడు. బాబాయ్ గోడ మీంచి వీపు కొంచెం ఎత్తాడు. ఈ జవాబు రికార్డులో లేదు.

సాంద్రత బల్ల దగ్గర పని తేలిక. దిమ్మని గాలిలో తూచాలి, తర్వాత నీళ్ళలో ముంచి తూచాలి. తగ్గిన బరువుతో మొదటి బరువుని భాగిస్తే చాలు. ఆ దిమ్మ గాలిలో యాభై నాలుగు గ్రాములు, నీళ్ళలో ముప్పై నాలుగు. తగ్గింది ఇరవై. జవాబు రెండు పాయింట్ ఏడు. బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా ఆ అంకె కంఠతా వచ్చు. ఏడుగురూ దిమ్మ ముంచారు, తీశారు, చకచకా రాసేశారు.

గుండుసూది ముంచి తీసింది. మళ్ళీ ముంచింది. త్రాసు విప్పి, తూనికరాళ్ళ పెట్టెలోంచి యాభై గ్రాముల రాయి తీసి దానికి వేలాడదీసి చూసింది. దిమ్మ మూడోసారి ముంచింది.

"అలా ఎన్నిసార్లు స్నానం చేయిస్తావే దాన్ని?" అని గొణిగాడు ర్యాంకు పిల్లాడు.

"నీకెంత వచ్చింది?"

"ముప్పై నాలుగు. ఎవరికైనా అంతే వస్తుంది."

"నాకు ముప్పై."

"అయితే నీ కళ్ళు తూకం వేయించుకో. మీ కొట్టుందిగా."

అమ్మాయి లేచి గోడ పక్కన కూర్చున్న ఫిజిక్స్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, "మేడమ్, మీ బల్ల మీది పెద్ద త్రాసు వాడుకోవచ్చా?" అని అడిగింది. మేడమ్ ఎగ్జామినర్ వైపు చూసింది. ఆయన భుజాలు ఎగరేశాడు. "టైముంటే వాడుకోనీండి."

సరిగ్గా అప్పుడే బాబాయ్ కళ్ళు మూడో బల్ల మీద పడ్డాయి. దిమ్మల నుంచి కారిన నీటి బొట్లు ఎండిపోయిన చోటల్లా తెల్లగా పొడి మచ్చలు. ఒకదాన్ని వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు, ఉప్పు. మొన్న తొమ్మిదో తరగతికి మేడమ్ గుడ్డు తేల్చి చూపించింది. రెండు కిలో ప్యాకెట్ల ఉప్పు సగం బకెట్ నీళ్ళలో ఇంక కరగనంత దాకా కలిపింది. "ఇది పారబోసెయ్ బాబాయ్" అని కూడా చెప్పింది. నీళ్ళు పారబోయడానికి చెయ్యి రాక మూత పెట్టి మంచినీళ్ళ బకెట్ పక్కనే ఉంచాడు. ఇవాళ పొద్దున్న చేతికి అందింది అదే.

బాబాయ్ భుజం మీద గుడ్డ తీసి ఆ మచ్చలు తుడిచేశాడు. ఎవరూ చూడలేదు. ఏడుగురి కాగితాల మీద ముప్పై నాలుగు ఉంది. ఒక్క పిల్ల మాట ఎవరు పట్టించుకుంటారు. తాళం వేసుకో అంది పెళ్ళాం. వేసుకున్నాడు.

ఎగ్జామినర్ కాగితాలు తిరగేస్తూ చివరి దాని దగ్గర ఆగాడు. "రెండు పాయింట్ రెండు అయిదు ఏమిటమ్మా? అల్యూమినియానికి ఎంత రావాలి?"

"రెండు పాయింట్ ఏడు రావాలి సార్."

"తెలిసే రాశావా?"

"తెలుసు సార్. కానీ ముల్లు ముప్పై దగ్గరే ఆగింది."

"త్రాసు పాడైందేమో."

"యాభై గ్రాముల రాయితో చూశాను సార్, సరిగానే ఉంది. మా నాన్న పొద్దున్నే కొట్టు తెరవగానే మొదట త్రాసునే తూచుకుంటాడు, తర్వాతే సామాను." చేతిలోని కొలజాడీ చూపించింది. "అందుకని నీళ్ళు తూచాను. యాభై సీసీ పోశాను. జాడీ బరువు తీసేస్తే అరవై గ్రాములు వచ్చింది. సార్, ఇవి నీళ్ళు కావు."

గదిలో ఎవరో పక్కున నవ్వి ఆపుకున్నారు. ఎగ్జామినర్ కళ్ళజోడు తీసి ముక్కు మీది గుంటలు నులుముకున్నాడు. "చూడమ్మా. ఏడుగురికి ఒకటి వచ్చింది, నీకొక్కదానికే ఇంకొకటి. బల్ల త్రాసు నా వయసు వస్తువులా ఉంది. పద్ధతి తెలుసు కాబట్టి దానికి మార్కులు వేస్తాను. రీడింగుకి మాత్రం సున్నా. తర్వాత జట్టు బయట ఎదురుచూస్తోంది." ఎర్ర పెన్ను మూత తీశాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు, బతిమాలలేదు. కొలజాడీ బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, "సరే సార్" అంది. అని, కాగితం మీద ఉన్న ముప్పైని ఒక్కసారి చూసుకుంది. మార్చుకోవడానికి రబ్బరు చేతిలోనే ఉంది. మార్చలేదు.

బాబాయ్‌కి ఒళ్ళు మండింది. ఎవరి మీదో అతనికే తెలియలేదు. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వందల చేతులు ఆ త్రాసు పట్టుకున్నాయో. ముల్లు ఎక్కడుందో చూసి రాసిన చెయ్యి ఇదొక్కటే. దానికి సున్నా వేస్తుంటే మంచినీళ్ళ కుండలా కదలకుండా నిలబడ్డాడు తను, చేతిలో ఉప్పు అంటిన గుడ్డ పట్టుకుని.

"సార్" అన్నాడు. గుడ్డ బల్ల మీద పెట్టాడు. "ఆ పిల్ల చెప్పింది నిజం. అవి ఉప్పునీళ్ళు. బకెట్ మార్చి పోశాను. తప్పు నాది."

మేడమ్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఎగ్జామినర్ పెన్ను గాలిలోనే ఆగింది. ఆయన లేచి మూడో బల్ల దగ్గరికి వెళ్ళి, ర్యాంకు పిల్లాడి త్రాసు అందుకుని, వాడి దిమ్మని వాడి బీకర్లోనే ముంచాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. ముల్లు ముప్పై దగ్గర ఆగింది.

"నీకు ముప్పై నాలుగు ఎలా వచ్చింది నాన్నా?"

"సార్, రెండు పాయింట్ ఏడు రావాలి కదా, అందుకని..."

"రావాలా, వచ్చిందా?"

వాడు నేల చూపులు చూశాడు. మిగతా ఆరుగురూ కూడా తమ బూట్లలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కున్నారు.

ఎగ్జామినర్ తిరిగి వచ్చి కూర్చుని, గుండుసూది కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "ఈ నీళ్ళు మామూలు నీళ్ళ కంటే ఎన్ని రెట్లు బరువన్నావు?"

"యాభైకి అరవై సార్. ఒకటి పాయింట్ రెండు రెట్లు."

ఆయన మార్జిన్‌లో రెండు పాయింట్ రెండు అయిదుని ఒకటి పాయింట్ రెండుతో గుణించాడు. కింద గీత గీశాడు. రెండు పాయింట్ ఏడు. ఆ అంకెని కాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. రోజంతా వంగి ఉన్న వీపు కొంచెం నిటారైంది.

"ఇరవై ఆరేళ్ళుగా పరీక్షలు చేస్తున్నాను మేడమ్" అన్నాడు మెల్లగా. "ఇవాళ నాకు పరీక్ష పెట్టారు. కొంచెంలో తప్పేవాణ్ణి." తర్వాత ఏడుగురి వైపు తిరిగాడు. "బాబాయ్ మంచినీళ్ళు తెస్తాడు. మీరు మళ్ళీ చెయ్యండి. ఈసారి కళ్ళు తెరిచి చూసి రాయండి. అమ్మాయ్, నువ్వు కూర్చో. నీది అయిపోయింది."

సాయంత్రం ఎగ్జామినర్ రిపోర్టు కవరు హెడ్మాస్టర్ గదికి తీసుకెళ్ళే పని కూడా బాబాయ్‌దే. కవరు అంటించి లేదు. అయినా తీసి చూడలేదు. హెడ్మాస్టర్ చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఇది మూడోది" అన్నాడు.

"అవునండీ."

"నువ్వు చెప్పకపోతే ఈ కాగితం మీద ఏమీ ఉండేది కాదట కదా. ఆయనే రాశాడు."

"ఆ పిల్ల ముందే కనిపెట్టేసిందండీ. నేను చెప్పింది ఆఖర్న."

"సంతకం గురించి తెలుసుగా నీకు?"

"తెలుసండీ." బాబాయ్ తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

హెడ్మాస్టర్ దాని వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. "రేపు ఇంకో మూడు జట్లున్నాయి. బీకర్లు నువ్వు నింపుతావా, నన్ను నింపమంటావా? రేపటి నుంచి ల్యాబ్‌లో ఒక పుస్తకం పెట్టు. పరీక్షకి ముందు నీళ్ళు తూచి, ఎంత వచ్చిందో రాసి, సంతకం పెట్టు. నీ పుస్తకంలో ఏడాదంతా నీ సంతకం కనిపిస్తే, నా కాగితంలో నా సంతకం కనిపిస్తుంది. తీసుకెళ్ళు ఇది." తాళంచెవి వేలితో ముందుకి తోశాడు.

మర్నాడు పొద్దున్న కుళాయి వచ్చింది. బాబాయ్ పాత బకెట్ పారబోసి, మూడుసార్లు కడిగి, నింపి తెచ్చాడు. బడి గేటు అప్పుడే తీశారు. ల్యాబ్‌లో ఒక్కడే ఉన్నాడు. ముందుగా యాభై గ్రాముల రాయి వేసి త్రాసుని చూసుకున్నాడు, ఇనుపసామాను కొట్టువాడిలాగే. తర్వాత ఖాళీ కొలజాడీ తూచి రాసుకున్నాడు. యాభై సీసీ గీత దగ్గర కళ్ళు పెట్టి, బొట్టు బొట్టుగా నీళ్ళు పోశాడు. జాడీ త్రాసులో పెట్టి ముల్లు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టాడు. జాడీ బరువు తీసేశాడు. కాగితం మీద ఒకసారి, వేళ్ళ మీద ఒకసారి.

యాభై.

ఎంత రావాలో అతనికి ముందే తెలుసు. అయినా ఇంకోసారి తూచి, అప్పుడు రాశాడు.