మూతల ప్రెస్ ముందు హిల్డా

నేను ఒక కెమెరాను. లండన్‌లో ఒక వడ్రంగి టేకు చెక్కతో నా ఒళ్ళు చేశాడు, మరొకతను ముడతలు ముడతలుగా తోలుతిత్తి కుట్టాడు. నా వెనక అద్దంలో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. ఎంత హోదా ఉన్నవాళ్ళయినా అంతే.

మొదట ఒక స్టూడియోలో లాయర్లనూ పెళ్ళికూతుళ్ళనూ తీశాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యజమాని నన్ను వినిఫ్రెడ్ అనే ఫొటోగ్రాఫర్‌కు అమ్మేశాడు. ఆమెకు ఫ్యాక్టరీల్లో ఫొటోలు తీయాలని కోరిక. ఆడమనిషికి ఇక్కడేం పనని గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. మూడేళ్ళు తిరిగాక, 1951లో, బర్మింగ్‌హామ్ దగ్గర రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి పిలిచింది. విదేశాల్లో సరుకు కొనేవాళ్ళకు పంపే పుస్తకంలో కార్మికుల బొమ్మలు కావాలట.

మేనేజర్ లోమాక్స్ మమ్మల్ని రేకును నొక్కి మూతలు కొట్టే ప్రెస్ యంత్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని ముందు హిల్డా అనే నలభై ఏళ్ళ కార్మికురాలు, ఇస్త్రీ నలగని ఏప్రన్ కట్టుకుని కూర్చుంది. చేతులు లోపలికి పోకుండా ప్రెస్‌కు కొత్త ఇనుప జాలీ బిగించి ఉంది.

“ఆ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకో. నవ్వు,” అన్నాడు లోమాక్స్. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు.

ఫొటో అయింది. అతను అటు తిరగగానే హిల్డా గొంతు తగ్గించి, “ఈ జాలీ ఇవాళ పొద్దున్నే వచ్చింది మిస్. మీరటు వెళ్ళగానే ఊడదీసేస్తారు. ఇది ఉంటే పని నెమ్మదిస్తుందంట,” అంది.

మర్నాడు వినిఫ్రెడ్, నిన్నటి ఫొటో పాడైందని గేటు దగ్గర అబద్ధం చెప్పి, లోమాక్స్ రాకముందే లోపలికి వెళ్ళింది. జాలీ లేదు. హిల్డా మూడువేళ్ళ చెయ్యి ప్రెస్ కిందికి పోయి వస్తోంది.

“ఇది తీసి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పంపిస్తాను. మీ మొహం పడదు, చేతులే తీస్తాను,” అంది వినిఫ్రెడ్.

హిల్డా మిషన్ ఆపి తన చేతిని చూసుకుంది. “ఈ చెయ్యి నాదని తెలీనివాళ్ళు ఇక్కడెవరున్నారు మిస్? మొహం కూడా తియ్యండి.”

ఈసారి ఆమెను ఎవరూ నవ్వమనలేదు. నా ముందు ఎంతోమంది కూర్చున్నారు గాని, అంత సూటిగా నావంక చూసినవాళ్ళు తక్కువ.

రెండు ఫొటోలూ ఇన్‌స్పెక్టరుకు చేరాయి. నెల తిరిగేలోగా, విప్పడానికి వీల్లేకుండా ప్రెస్‌లన్నిటికీ జాలీలు బిగించారు. హిల్డాను తక్కువ కూలికి ప్యాకింగ్ షెడ్డులోకి తోసేశారు. వినిఫ్రెడ్‌ను ఆ చుట్టుపక్కల మరే ఫ్యాక్టరీ పిలవలేదు. ఆమె చిన్న స్టూడియో పెట్టుకుని, ఏడ్చే పసిపిల్లలకు గిలక్కాయ ఆడించి ఫొటోలు తీస్తూ బతికింది.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా చెక్క ఏదో, నా కటకం ఎక్కడిదో చీటీ మీద వివరంగా రాశారు. ఆ చీటీలో లేని శనివారం ఒకటి నాకు గుర్తుంది. అప్పటికి జాలీలు వచ్చి ఏడాదయింది. హిల్డా స్టూడియోకు వచ్చింది. ఫొటోకేమోనని వినిఫ్రెడ్ కుర్చీ జరపబోయింది.

“అందుకు కాదు మిస్. నా పాత ప్రెస్ మీదికి కొత్తమ్మాయి వచ్చింది. ఈ జాలీ ఎవరు పెట్టించారో గాని పని సాగనివ్వదని పొద్దస్తమానం తిడుతోంది.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? పది వేళ్ళూ ఉన్నాయిగా, తిట్టుకోనీలే అని ఊరుకున్నా,” అంది హిల్డా.