బడి కుండ

కుండను అయివారు బ్రహ్మమే పగలగొట్టాడు. చేత్తో ముట్టుకుంటే మైల కాబట్టి బెత్తంతో అరుగు మీది నుంచి తోశాడు. నిండు కుండ. ఒలికిన నీళ్లు బడి కొట్టం ముందు నేలలోకి చూస్తుండగానే ఇంకిపోయాయి.

గూడెం పిల్లల దోసిళ్లలో నీళ్లు పోసే గురమ్మ, కూతురి కాన్పుకని కొమరోలు పోయి మూడు రోజులైంది. గూడెం రోశమ్మ కూతురు చెంచమ్మ రెండు రోజులు ఇంటికి పరుగెత్తి తాగి వచ్చింది. ఈ రోజు బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తాడు. గడప దాటితే కాళ్లు విరుస్తానన్నాడు అయివారు. దాహం ఆగక చెంచమ్మ ముంతతో తనే ముంచుకుంది.

"కలెక్టరు బిడ్డవా ఏంది, నీ అంతట నువ్వే ముంచుకుంటివి?"

పిల్లలు నవ్వారు. చెంచమ్మ వీపు మీద నాలుగు దెబ్బలు పడ్డాయి.

"మరి మాకు నీళ్లో, అయివారూ?" అన్నాడు పెద్ద తరగతి పెద్దన్న.

"దొర పోయినాక చూద్దాం. అందాక గుటకలు మింగండి."

ఆయన జీతం నెలకు పన్నెండు రూపాయలు. తలలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. అందుకే పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పోగుచేశాడు. ఊరి రైతు వెంకటసుబ్బయ్య కూతురు రంగికి విరేచనాలు. "తెల్లారేలోపల నాలుగుసార్లు పోయింది" అని తల్లి అడ్డం చెప్పింది. "ఊరికే కూసోనుంటే చాలమ్మా" అని అయివారు ఆరేళ్ల పిల్లను వెంటబెట్టుకొచ్చాడు.

ఇన్‌స్పెక్టరు నడిమధ్యాహ్నం వచ్చాడు. బండి దిగలేదు. పిల్లలను బయట వరసగా నిలబెట్టించి లెక్కపెట్టాడు. ముప్పైరెండు తలలు. సంతకం చేసి రాచర్ల దారి పట్టాడు. బండి మలుపు తిరగకముందే రంగి కూలిపోయింది.

కబురంది వెంకటసుబ్బయ్య చేలోంచి పరుగెత్తుకొచ్చాడు. పిల్ల కళ్లు గుంటలు పడ్డాయి. పెదవులు అతుక్కుపోయాయి. పిల్లను భుజాన వేసుకుని బయల్దేరాడు. ఊరికంటే రైతుల బావే దగ్గర, అర మైలు దూరం. దారి గూడెం పక్కనే.

కూతురి వీపుకు నూనె రాస్తున్న రోశమ్మ ఆయన్ను చూసి నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది.

"సామీ, బిడ్డ నాలుక పిడచగట్టిపోయింది. రెండు గుక్కలు పోయండి."

"దూరం జరుగు. తెలీదా నీకు?"

"మీరు తాగొద్దు సామీ. బిడ్డకే."

"తాపితే ఊర్లో మా ఇంట్లో నిప్పు పుట్టనిస్తారా? రేపు దీన్ని ఎవడు చేసుకుంటాడు?"

"రేపటిదాకా ఉండాల గదా సామీ!"

ఆయన నిలబడిపోయాడు. భుజం మీది పిల్ల కళ్లు తెరిచింది. చెంబును చూసి చెయ్యి చాపింది.

ఆయన పిల్ల తలను తన మెడ వైపు తిప్పుకున్నాడు. ముఖం మీద తువాలు కప్పాడు. బావి వైపు పరుగు తీశాడు.

రోశమ్మ చెంబు పట్టుకుని దారి మధ్యలో నిలబడింది. దూరమవుతున్న ఆయన వీపు మీద, తువాలు బయట, చిన్న చెయ్యి ఇంకా చాపే ఉంది.